చింతపండు తగలని గిన్నె

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో ఒకతను తుప్పుపట్టిన పాత కత్తిని ఏదో ద్రావకంలో ముంచి, బ్రష్షుతో నాలుగు రుద్దులు రుద్ది, గిర్రున తిరిగే చక్రానికి ఆనించి, చూస్తుండగానే అద్దంలా చేసేశాడు. వెనకాల హుషారైన పాట ఒకటి. "చూడమ్మా, ఎంత బాగుందో, ఇట్టాంటివి చూస్తుంటే మనసు తేలికైపోద్ది" అంది. నాకు తేలికవడం మాట దేవుడెరుగు, ఫోను పక్కకి తోసేశాను. మా బాబాయే గనక బతికుండి ఆ వీడియో చూస్తే ఫోను తీసుకెళ్ళి పాలేటి నీళ్ళల్లో పారేసి వచ్చేవాడు. "ముసలాయనకి స్నానం చేయించమంటే తోలు ఒలిచి పంపాడు వెధవ" అని ఆ కత్తి తరఫున నాలుగు తిట్లు కూడా తిట్టేవాడు. అమ్మాయికి ఆ మాట చెప్పి నవ్వబోయాను గానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. బాబాయి గుర్తొస్తే వెనకే ఆ క్యారియరు గుర్తొస్తుంది, అది గుర్తొచ్చాక ఆ పూటకి నవ్వు ఉండదు.

బాబాయి అంటే మా అమ్మ చెల్లెలి భర్త. జగ్గయ్యపేటలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు, రిటైరయ్యాక కూడా పేటలోనే ఉండిపోయాడు. చెప్పింది కెమిస్ట్రీ అయినా ఆయన ప్రాణమంతా మట్టిలోంచి బయటపడే పాత లోహపు ముక్కల మీద ఉండేది. పేట చుట్టుపక్కల నేల సంగతి తెలిసిందే కదా, ఎక్కడ నాగలి దిగినా ఏదో ఒకటి తగులుతుంది. ధనంబోడు బౌద్ధ స్తూపం పక్క చేలవాళ్ళ దగ్గర్నించి వేదాద్రి దాకా కృష్ణ ఒడ్డు రైతులు, చెరువు పూడిక తీసేవాళ్ళు, పునాదులు తవ్వేవాళ్ళు, ఎవరికి ఏ ముక్క దొరికినా గుడ్డలో చుట్టుకుని సారింటికి వచ్చేవాళ్ళు. సీసపు బిళ్ళలు, రాగి ఉంగరాలు, గంట నాలుకలు, బాణం ములుకులు, ఎడ్ల నాడాలు, అన్నీ వచ్చేవి. నిజంగా పాతవని తేలితే వాటిని శుభ్రం చేసి, "ఇది నీదీ కాదు, నాదీ కాదు, సర్కారుది" అని చెప్పి, ఆ మనిషిని వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి నడిచేవాడు. నిధి దొరికిందని ఆశపడి వచ్చిన రైతు మొహం అప్పుడు చూడాలి. ఒకసారి మిరపచేను ఆయన ఒకరు తెచ్చిన ఇనప ముద్దని బాబాయి ఎన్నాళ్ళో నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, పుల్లతో గీకి గీకి చూస్తే, అది బోరు మోటారు తాలూకు నట్టని తేలింది. ఆ రోజంతా ఆయన భూతద్దం ముట్టుకోలేదు. పిన్ని మాత్రం దాన్ని పెరటి తలుపుకి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఇంటికి పనికొచ్చిన పురాతన వస్తువు ఇదొక్కటే అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చున్నవాళ్ళకి విసుగొచ్చేది. ముందు వస్తువుని రోజులు రోజులు డిస్టిల్డ్ వాటర్లో నాననిచ్చేవాడు. బ్యాటరీల షాపులో అమ్మే నీళ్ళవి. వస్తువుకి పట్టిన ఉప్పు అందులోకి దిగితే మళ్ళీ కొత్త నీళ్ళు. ఆ తర్వాత వెదురు పుల్ల, తుమ్మ ముల్లు, మెత్తబడ్డ టూత్ బ్రష్షు. భూతద్దం ఒక కంటికి పెట్టుకుని, ముల్లు మొనతో ఇసుక రేణువుని ఒక్కొక్కటిగా లేపేవాడు. ఇనుము తగలనిచ్చేవాడు కాదు. తేమ లేకుండా నీడలో ఆరబెట్టి, స్పిరిటుతో తుడిచి, ఆఖరున తేనెమైనం కరిగించి పల్చగా పూసేవాడు. ఇంతా చేశాక ఆ వస్తువు తళతళలాడుతుందా అంటే, లేదు. నల్లగానో పచ్చగానో అట్లాగే ఉండేది. "పైనున్న మట్టి తియ్యాలి, దాని ముసలితనం తియ్యకూడదు" అనేవాడు. రాగి మీద ఆ పచ్చటి పొర వట్టి చిలుము కాదట, అది చలికి కప్పుకున్న దుప్పటిలాంటిదట. దాన్ని లాగేస్తే లోపలున్న గీతలూ రాతలూ దాంతోపాటే పోతాయని, పోయినవి ఏ ప్రార్థన చేసినా తిరిగి రావని చెప్పేవాడు.

ఇలాంటి మనిషికి దేవుడు జత కలిపింది మా పిన్నితో. పిన్నికి మెరవని ఇత్తడి అంటే ఇంటికి పట్టిన అరిష్టం కింద లెక్క. క్రిస్మసుకి నెల ముందే అటక మీద గంగాళాలు, బిందెలు, చెంబులు అన్నీ కిందికి దిగేవి. పాత చింతపండు, ఉప్పు, ఇటిక పొడి, కొబ్బరి పీచు ముందేసుకుని పెరట్లో రాతి మీద కూర్చుంటే వంట సంగతి కూడా మర్చిపోయేది. చేతివేళ్ళు పులుపుకి ముడుచుకుపోయినా లేచేది కాదు. "క్రైస్తవుల ఇల్లంటే గిన్నెల్లోనే తెలియాల" అని ఒక సామెత కూడా సొంతంగా కల్పించుకుంది. ఆ ఇంట్లో ఒక పక్క పులుసు పెట్టుకునే గిన్నెలో సీసపు బిళ్ళలు నానుతుండేవి, ఇంకో పక్క ఆ గిన్నె కోసం పిన్ని ఇల్లంతా వెతుకుతుండేది. నా చింతపండు ఆయన సామాను మీద పడకూడదు, ఆయన నీళ్ళు నా పొయ్యి మీద పడకూడదు అని వాళ్ళిద్దరి మధ్య ఒక ఒప్పందం. పెళ్ళయిన నాటి నుంచి అది దాటలేదు, ఒక్కసారి తప్ప.

ఇప్పుడు మా మామయ్య సంగతి చెప్పాలి. అమ్మకీ పిన్నికీ ఒక్కగానొక్క తమ్ముడు. మున్నేటికి అవతల మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉంటూ నందిగామ దగ్గర పత్తి మిల్లులో పని చేసేవాడు. పొద్దున్నే సైకిలు హ్యాండిలుకి ఇత్తడి క్యారియరు తగిలించుకుని చప్టా మీదుగా ఏరు దాటేవాడు, సాయంత్రం పని దిగాక అదే దారిన వచ్చేవాడు. ఆ క్యారియరు పెళ్ళిలో అత్తయ్య పుట్టింటివాళ్ళు పెట్టింది. మూడు గిన్నెలు, పైన మూత. మూత మీదా, అడుగు గిన్నె మీదా అత్తయ్య పేరు, వాళ్ళ నాన్న పేరు, రెడ్డిగూడెం అని ఊరి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఇచ్చారు. మా వైపు పెళ్ళి సామాను మీద పేరు లేకపోతే ఆ సామాను పెట్టినట్టే కాదు. అరువుకెళ్ళిన గిన్నె మళ్ళీ సొంతింటికి చేరేది కూడా ఆ చుక్కల పుణ్యమే.

ఒక వానాకాలం, ఎగువన ఖమ్మం వైపు పడ్డ వానలకి మున్నేరు పొంగింది. పొద్దున మామయ్య వెళ్ళేటప్పటికి చప్టా మీద నీళ్ళు లేవు. సాయంత్రం ఆయన మిల్లు గేటు దాటడం చూసినవాళ్ళున్నారు. ఇంటికి మాత్రం రాలేదు. తెల్లారి చూస్తే చప్టా సగం కొట్టుకుపోయి ఉంది. మగవాళ్ళు ఏటి ఒడ్డు పట్టుకుని కృష్ణలో కలిసేదాకా నడిచారు. మనిషీ దొరకలేదు, సైకిలూ దొరకలేదు. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు, నందిగామ బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కుతుంటే చూశామన్నారు. ఎవరు చూశారో ఎవరికీ తెలియదు, కానీ ఊరంతా ఆ మాట పట్టుకుంది. ఎందుకంటే ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలు గట్టిగా కీచులాడుకోవడం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరూ విన్నారు. ఏమని కీచులాడుకున్నారో అత్తయ్య ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మాటకి మనసు విరిగి వెళ్ళిపోయాడని కొందరు, అక్కడ ఇంకో సంసారం పెట్టాడని కొందరు. ఊరి నోటికి మూకుడు పెట్టగలిగినవాళ్ళు ఎవరు?

అత్తయ్యకి పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు రెడ్డిగూడెం వచ్చెయ్యమని ఎంత బతిమాలినా కదల్లేదు. "ఆయనొచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే ఎట్టా?" అనేది. మిరప కోతలకీ పత్తి తీతలకీ పోతూ, ఆ పెంకుటింట్లోనే ఒక్కతే ఉండిపోయింది. సమాధుల పండగకి ఊరంతా పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని సమాధుల తోటకి పోతే, ఆమె మా అమ్మమ్మ సమాధి దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించి, ఎవరూ పలకరించకముందే వచ్చేసేది. పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనలో మామయ్య పేరు చెప్పాలో వద్దో పాస్టరుగారికి పాలుపోయేది కాదు. చివరికి దూరప్రయాణాల్లో ఉన్నవాళ్ళతో కలిపి చదివేవారు. ప్రతి ఆదివారం ఆ మాట దగ్గర అత్తయ్య గట్టిగా ఆమెన్ అనేది. ఇలా ఇరవై ఏళ్ళు పైనే గడిచాయి. ఆ ఆమెన్ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మామయ్య మీదో, దేవుడి మీదో, ఎవరి మీదో చెప్పలేను.

ఒక వేసవి సెలవుల్లో నేను పేటలో పిన్ని ఇంట్లో ఉండగా, ఇసుక ట్రాక్టరు తోలే సాయిబుగారు ఒకాయన గోనెపట్టాలో చుట్టిన మూట ఒకటి పట్టుకుని వచ్చాడు. బాబాయికి ముందునుంచీ తెలిసినాయనే. మూట అరుగు మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

"సార్, ఇది మున్నేట్లో దొరికిందండి, చప్టాకి దిగువన, అవతలొడ్డు చాకిరేవు కాడ. ఇసుక లోడు చేస్తుంటే పారకి తగిలింది. పాత సామాన్లోళ్ళకి వేద్దాం అనుకున్నా. మా ఇంట్లో ఆమె చూసి, ఇది ఎవురో చేత్తో పట్టుకెళ్ళిన క్యారియరు, అమ్మమాక అంది. మీ ఇంటి మనిషి ఒకాయన అప్పట్లో ఏటి దగ్గర..." అని ఆగిపోయాడు. "అందుకని తెచ్చా సార్. కాకపోతే ఇంకా మంచిదే."

పట్టా విప్పితే క్యారియరులా లేదు. నల్లగా, అక్కడక్కడ పచ్చగా, గులకరాళ్ళూ ఇసుకా కరుచుకుపోయిన ముద్ద. పక్కనున్న ఇనప బద్దలు తుప్పుగా రాలిపోతున్నాయి. మూతా పై గిన్నే వదులుగా ఊడొచ్చాయి, కింది రెండు గిన్నెలు మాత్రం ఒకదానికొకటి బిగుసుకుపోయాయి. బాబాయి చాలాసేపు వాటిని ముట్టుకోకుండా చూశాడు. సాయిబుగారికి దణ్ణం పెట్టి పంపించాడు. ఆయన ఎవరికైనా దణ్ణం పెట్టడం నేను అదే చూడటం. లోపలికొచ్చి పిన్నితో "ఏదో పాత గిన్నెలే" అన్నాడు. పిన్ని గోడ మీదున్న తమ్ముడి ఫోటో వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళింది. అది ఎవరిదో తెలిసేదాకా అత్తయ్య చెవిన వెయ్యొద్దని ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయి ఒక్క మాట అన్నాడు. మామయ్య ఏట్లో పోయాడా, అత్తయ్యని వదిలి పోయాడా అన్నది ఆ మురికి కింద ఉందని మా ముగ్గురికీ అర్థమైంది.

మర్నాడు బాబాయికి వేదాద్రిలో పని పడింది. ఏటి గాలి తగులుతుంది రమ్మని నన్ను కూడా స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ "వాటిని ఎవరూ ముట్టుకోవద్దు" అని గుమ్మంలోంచి చెప్పాడు. ఆ మాట చెప్పడమే ఆయన చేసిన పొరపాటేమో అని నాకు తర్వాత అనిపించింది. చెప్పకపోతే పిన్ని దాని గురించి అంత ఆలోచించేది కాదు. మధ్యాహ్నం మేం తిరిగొచ్చేసరికి పెరట్లోంచి పీచు రాపిడి చప్పుడు వినిపించింది. బాబాయి చెప్పులు విప్పకుండానే పరుగెత్తాడు.

పిన్ని రాతి మీద కూర్చుని ఉంది. పక్కన బొచ్చెలో నానిన చింతపండు. మూతా పై గిన్నే ఎండలో బంగారంలా మెరుస్తున్నాయి. మమ్మల్ని చూసి లేవలేదు, చెయ్యీ ఆపలేదు. "ఇది మా తమ్ముడిది అయితే, ఆ పిల్ల కళ్ళబడే వేళకి ఇట్టా పాచిపట్టి ఉండాలా? మనింటి గిన్నె మనం తోముకోకుండా ఊరోళ్ళు తోముతారా?" అంది. ఏడుస్తూనే తోముతోంది. బాబాయి అరుస్తాడని నేను గోడ పక్కకి తప్పుకున్నాను. ఆయన అరవలేదు. వంగి మూత అందుకుని, ఎండకి అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో మధ్యలో రాసి చూశాడు. మట్టిలో ఏళ్ళ తరబడి నాని గుల్లబారిన ఇత్తడి పైపొర చింతపులుపుకీ ఇటిక పొడికీ పూర్తిగా లేచిపోయింది. పేరుండాల్సిన చోట నున్నగా ఉంది, పసిపిల్లవాడి బుగ్గలాగా.

"ఇక్కడ ఉండేది," అన్నాడు బాబాయి, నెమ్మదిగా. అప్పటిదాకా పిన్నికి తట్టలేదు. ఎన్ని క్రిస్మసులకి ఎన్ని గిన్నెలు తోమినా మామూలు గిన్నె మీద చుక్కలు చెక్కుచెదరవు కదా. ఏళ్ళ తరబడి ఇసుకలో పడున్న గిన్నె వేరని ఆమెకెలా తెలుస్తుంది? తన తమ్ముడి ఆనవాలు తన చేత్తోనే తుడిచేసిందని అర్థమయ్యాక ఆమె చేతులు చూసుకున్న తీరు నేను మర్చిపోలేను. నాకు ఆమె మీద కోపం రాలేదు, భయమేసింది. ఆమె పులుపు చేతులు కడుక్కోవడానికి కూడా లేవలేదు. బాబాయే చెంబుతో నీళ్ళు తెచ్చి పోశాడు.

బిగుసుకుపోయిన రెండు గిన్నెలకి మాత్రం చింతపండు తగల్లేదు. వాటి వంతు వచ్చేలోపు మేం వచ్చాం. బాబాయి వాటిని ముందు గదిలోకి మార్చి నానబెట్టాడు. ఆ వేసవంతా ఆయన వేరే పని ముట్టుకోలేదు. ఎవరేం తెచ్చినా తర్వాత రమ్మని పంపేశాడు. గిన్నెలు రెండూ విడిపోయిన రోజున అడుగు గిన్నెలో ఏముంటుందోనని పిన్నీ నేనూ గుమ్మంలో నిలబడి చూశాం. ఇసుక ఉంది. గట్టిగా దిమ్మిసకొట్టినట్టు, అంచు దాకా ఇసుక. ఇంకేమీ లేదు. తర్వాత ఆయన ముల్లు పట్టుకుని గిన్నె పక్కల మీద పని మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి చుక్కలు కనిపించాయి. ముందు "గూడెం" అని తేలింది. మా మెట్టలో గూడేలకేం కొదవ, రాయి విసిరితే ఒక గూడెంలో పడుతుంది. పిన్ని ఆ మాటే పట్టుకుని, ఇంకెవరిదో అయ్యుంటుంది లెండి అంది. బాబాయి ముల్లు ఆపలేదు. ఒక పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్తే, ముల్లు కింద పెట్టేసి, భూతద్దం తీసేసి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. "వెళ్ళి మీ అత్తయ్యని తీసుకురా అమ్మాయ్," అన్నాడు. నేను గిన్నె వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

అత్తయ్య ఆ రోజు కూలికి పోలేదు. బాబాయి రమ్మన్నాడంటే చీర మార్చుకుని, ఇంటి తాళం చెవి పక్కింటావిడ చేతికిచ్చి, "ఎవరన్నా వస్తే పేట పోయిందని చెప్పొదినా" అంది. నందిగామలో బస్సు మారేదాకా బాబాయి ఆరోగ్యం గురించే అడిగింది. బానే ఉన్నాడన్నాను. పిన్ని ఆరోగ్యం అడిగింది. ఆమె కూడా బానే ఉందన్నాను. చిల్లకల్లు దాటాక ఇక అడగటానికి ఎవరూ మిగల్లేదు. కిటికీ వైపు తిరిగి "ఏదన్నా దొరికిందా?" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిని ఆమె వెనక్కి తీసుకుంది.

ముందు గదిలో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, మూతా పై గిన్నే మాత్రమే పెట్టి ఉన్నాయి. మిగతావి బాబాయి లోపల ఉంచాడు. అత్తయ్య దగ్గరికొచ్చి చూసింది. మూత ఎత్తి వెనక్కి తిప్పి చూసింది. మొహంలో బిగువంతా ఒక్కసారి సడలిపోయింది. "ఇది మాది కాదన్నయ్యా. మాదానికి మూత మీద మా నాన్న పేరుంటది. క్యారియర్లు అందరికీ ఉంటాయిగా," అని, మంచినీళ్ళు అడిగి, గటగటా తాగింది. వచ్చిన పని అయిపోయినట్టు కొంగుతో మొహం తుడుచుకుంది.

బాబాయి లోపలికి వచ్చాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది. "చాల్లెండి. దానికున్నది ఆ ఒక్క ఆశే. అది కూడా ఎందుకు తీసేస్తారు? నేను తోమింది మంచికే అయిందేమో," అంది. మెల్లగా అన్నా నాకు వినిపించింది. బాబాయి అటక వైపు చూస్తూ నిలబడ్డాడు. మట్టి కింద ఏముంటే అది చూపించడమే జన్మంతా చేసిన మనిషి, బోరు నట్టయితే బోరు నట్టు అనే చెప్పిన మనిషి, ఆ పూట నిజంగా జంకాడు. దాచేసినా అడిగేవాళ్ళు లేరు. ఆయన దాచేస్తేనే బాగుండునని నేనూ అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. చివరికి ఆయన అడుగు గిన్నెని గుడ్డ చుట్టి ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్ళి, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"చెల్లెమ్మా, ఇంకో గిన్నె ఉంది. దీన్ని మీ వదిన తోమలేదు. చూస్తానంటే గుడ్డ తీస్తా. వద్దంటే ఇట్టాగే లోపల పెట్టేస్తా, మళ్ళీ ఈ మాట నా నోట రాదు."

అత్తయ్య బల్ల దగ్గరికి జరిగింది. పిన్ని వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఎక్కడ దొరికింది?"

"మున్నేట్లో. చప్టాకి దిగువన."

"ఏ ఒడ్డునన్నయ్యా? మిల్లు వైపా, మా వైపా?"

"మీ వైపే. మీ చాకిరేవు దగ్గర."

గుడ్డ తనే విప్పింది. నల్లటి గిన్నె. అంచు కింద చుక్కల వరస. ఆమె చదివింది ఐదో తరగతి దాకానే. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం మీదా నడిపింది. తన పేరు దగ్గర వేలు ఆగలేదు, వాళ్ళ నాన్న పేరు దగ్గరా ఆగలేదు. చివర "రెడ్డిగూడెం" అని మాత్రం పైకి చదివింది. గిన్నెని ఒళ్ళోకి తీసుకుంది.

"వస్తున్నాడన్నమాట," అంది.

 గిన్నె అంచు తడుముతూ అంది, ఎవరికీ చెప్పినట్టు కాకుండా. "ఇంక ఈ గడప తొక్కొద్దు అన్నా అన్నయ్యా ఆ పొద్దున. క్యారియరు చేతికిస్తానే అన్నా. ఆయనేం మాట్లాడకుండా తీసుకుని పోయాడు. నా మాటకే పోయాడనుకున్నా ఇన్నేళ్ళూ. గడప తొక్కొద్దంటే తొక్కలేదనుకున్నా. ఆ నీళ్ళల్లో కూడా ఇంటికే వస్తన్నాడు." ఆ రోజు ఆమె ఏడవలేదు. గిన్నె దొరికినాయనకి భోజనం పెట్టారా అని అడిగింది. లేదంటే, పెట్టాలి అంది.

గిన్నెని సమాధి చెయ్యాలని అత్తయ్య అడిగినప్పుడు సంఘ పెద్దలు తలలు పట్టుకున్నారు. మనిషి లేకుండా సమాధి ఏంటని ఒకరు, క్యారియరుకి పాటలు పాడితే ఊళ్ళో నవ్వుతారని ఒకరు. మంచాన పడ్డ ముసలమ్మల మీద అంతంతసేపు ప్రార్థనలు చేసే పెద్దలకి ఒక గిన్నె దగ్గర నోరు పెగల్లేదు. పాస్టరుగారు మెత్తటి మనిషి. "మన్ను మన్నులో కలవాలని చదువుతామమ్మా, ఇత్తడి మీద ఎట్టా చదివేది?" అన్నారు. అత్తయ్య ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఆయన చేతిలో ఆఖరున ఉన్నది అదే అయ్యగారూ. ఇంకేం లేదు నా దగ్గర," అంది. ఆయన బైబిలు తీసుకుని లేచారు.

సమాధికి ముందు రోజంతా బాబాయి ఆ గిన్నెలతోనే ఉన్నాడు. వాటిని వెచ్చబెట్టి, మైనం కరిగించి, లోపలా బయటా పూశాడు, అక్షరాల చుక్కల్లోకి పత్తి పుల్లతో దింపాడు. పిన్ని తోమిన మూతకీ అంతే శ్రద్ధగా పూశాడు. మట్టిలోంచి తీసి ఆయన కాపాడిన వస్తువులు ఎన్నో ఉన్నాయి గానీ, మళ్ళీ మట్టిలోకి పంపడానికి ఆయన తయారుచేసింది ఇదొక్కటే.  పిన్ని తన పెట్టె అడుగున దాచుకున్న కొత్త తుండు తెచ్చి చుట్టడానికిచ్చింది. అత్తయ్య ఆయన పక్కన కూర్చుని చూస్తూ, "ఎన్నాళ్ళుంటది అన్నయ్యా, మట్టిలో?" అని అడిగింది. ఏ ప్రశ్నకీ ఒక్క మాటలో జవాబు చెప్పని మనిషి, ఆ నేల సంగతీ ఈ నీటి సంగతీ గంటసేపు చెప్పగలిగిన మనిషి, "మనందరికంటే ఎక్కువే ఉంటది చెల్లెమ్మా," అని ఊరుకున్నాడు.

సమాధుల తోటలో మా అమ్మమ్మ పక్కన చిన్న గొయ్యి తీశారు. పిల్లల గొయ్యంత. జనం పెద్దగా రాలేదు. మామయ్యతో మిల్లులో పనిచేసినవాళ్ళు ఒకరిద్దరు, పక్కింటివాళ్ళు, సాయిబుగారు. ఆయన టోపీ పెట్టుకుని గేటు లోపల ఒక పక్కగా నిలబడ్డాడు. మాలో చాలామందికి ఏడుపు రాలేదు. వచ్చే ఏడుపు ఎప్పుడో అయిపోయింది. బస్సు వేళ అవుతుందని గడియారం చూసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళనీ అనడానికి లేదు. తుండులో చుట్టిన క్యారియరుని బాబాయి వంగి అడుగున పెట్టి, మొదటి గుప్పెడు మట్టి అత్తయ్య చేతికిచ్చాడు. ఆమె మట్టి వెయ్యలేదు. నిలబడ్డచోటే కూలబడి, ఆ గుప్పెడు గుండెకి అదుముకుని, మామయ్యని పేరు పెట్టి పిలిచింది. మా ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. జుట్టు నెరిసిన మనిషి, మిరప కోతలతో వేళ్ళు నల్లబడ్డ మనిషి, పెళ్ళయిన కొత్తలో మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల ఎలా ఏడుస్తుందో అలా గొంతు పగిలేలా ఏడ్చింది. పిన్ని పట్టుకున్నా ఆగలేదు, పాస్టరుగారు చదవడం ఆపేసినా ఆగలేదు. మాకందరికీ మామయ్య పోయి ఇరవై ఏళ్ళు దాటింది, అత్తయ్యకి మాత్రం ఆయన ఆ పూటే పోయాడు.